పోశెట్టి మా ఇంట్ల జొచ్చిన యేడు

అది ఉగాది పోయిన తర్వాతి బేస్తారం. పొద్దున తొమ్మిదింబావు. ఇంత ఖచ్చితంగ ఎట్ల చెప్తున్నవంటె, నాకు గడియారం చూడొచ్చి అప్పటికి ఏడాది గూడ కాలే. కొత్తగ వచ్చిన విద్య. ఎవరి చెయ్యి కనవడితె వాళ్ల చెయ్యి చూసేదాన్ని. ఆ పొద్దు మా అన్న నా పక్కకే నిలవడ్డడు, ఆయన చేతికి గడియారం ఉన్నది. ఆ టైముకు మా ఆయన తాటిచెట్టు మీద ఉన్నడు. చెట్టు కిందికి మట్టి తోడే పెద్ద మిషను వచ్చి ఆగింది.

మాదాపూర్ల గుండ్రటి అద్దాల బిల్డింగు లేస్తున్న దినాలవి. మేం గౌండ్లోళ్లం, కల్లు గీసుడు మా పని. బిల్డింగుకు ఇవతల, గుట్ట కింద, బండ్ల బాట పక్కపొంటి ఒక తాటిచెట్ల వరుస ఉండె. మా మామ గీసిన వరుస అది. ఆయన తర్వాత మా ఆయనకొచ్చింది. నేను ఆ ఇంటికి కోడలుగ వచ్చిన కాడి నుంచి ఆ చెట్లే మాకు కూడు పెట్టినయి. ఇప్పుడు ఆ బండ్ల బాటనే పెద్ద రోడ్డు చేస్తమన్నరు.

కాని ముందు పోశెట్టి సంగతి చెప్పాలె. అది చెప్పకుంటె ఆ నాటి సంగతి అర్థం కాదు.

నేను నలభై దాటినంక పలక పట్టిన. మా గల్లీల ఒక అరుగు మీద మాపటి బడి నడిచేది. చెప్పేది ఒక కడప దిక్కు పిల్ల, గచ్చిబౌలి అవతల యూనివర్సిటీల చదువుకుంటుండె. మేమందరం టీచరమ్మ అనేటోళ్లం. నాకు సిగ్గేం అనిపియ్యలే. తెల్వంది నేర్చుకునెతందుకు సిగ్గెందుకు? సిగ్గుపడాల్సింది చిన్నప్పుడు బడికి తోలనోళ్లు.

అక్షరాలు అయిపోయి గుణింతాలు దాటినంక టీచరమ్మ ఒక పల్చటి కథల పుస్తకం తెచ్చింది. కొత్తగ చదువొచ్చినోళ్ల కోసమని పెద్ద పెద్ద అక్షరాలతోని అచ్చేసిన పుస్తకం. అండ్ల పోశెట్టి అని ఒక రైతు. గాలికి ఇంటి కప్పు లేచిపోతె, "మంచిదే, ఇగ వెన్నెలకు దీపం అక్కరలేదు" అంటడు. ఎద్దు చచ్చిపోతె, "మంచిదే, గడ్డి కోసే పని తప్పింది" అంటడు. ఆఖరికి బాయిల పడి, మెడ దాక నీళ్లల్ల నిలవడి, "మంచిదే, తోడుకునే పని లేకుంటనే స్నానమైంది" అంటడు. ఒక్కొక్క అక్షరం కూడగట్టుకుంట చదివి, మాట అర్థమైనంక మేం పొట్ట పట్టుకొని నవ్వినం.

"నవ్వింది చాలమ్మా, మళ్లా చదవండి. నవ్వుకుంటా సగం అక్షరాలు మింగేసినారు," అనేది టీచరమ్మ.

అట్ల కండ్లు మూసుకొని అంతా మంచిగైతదనే గుణానికి ఆ పిల్ల ఒక పుస్తకాల మాట చెప్పింది. గుడ్డి ఆశావాదమట. ఎవరికీ నోరు తిరగలే. పోశెట్టి అంటె అయిపాయె. పదిహేను దినాలు తిరగకముందే ఆ మాట గల్లీ గల్లీ పాకింది. మూడుసార్లు పది ఫేలైన కొడుకు ఆ గుండ్రటి బిల్డింగుల కుర్చీల కూసుంటడని చెప్పిన ఒక తల్లిని పోశెట్టమ్మ అన్నరు. ఇగ వస్తది అగ వస్తది అని చెప్పి ఎప్పుడూ రాని బస్సుకు పోశెట్టి బస్సని పేరు పెట్టిండ్రు. మా ఊర్ల ఆ పేరున్న మనిషి లేడు గనక సరిపోయింది. ఉంటె తలకాయలు పగులుతుండె.

నాకు ఒక సంగతి మాత్రం గుచ్చుకుంటుండె. ఒకనాడు టీచరమ్మను అడిగిన, "ఈ పోశెట్టికి పెండ్లాం లేదా?"

"రాసినోళ్లు పెట్టలేదమ్మా."

పెట్టలేదు గనకనే అది నవ్వులాట కథ అయింది. ఒక పెండ్లాన్ని పెట్టి చూడాలె. కప్పు లేచిపోయిన ఇంట్ల వానొస్తె గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టాల్నో ఆమెకు తెలుస్తది. బాయి గట్టు మీద నిలవడి తాడు కోసం ఉరికేది ఆమెనే. నాకెట్ల తెలుసంటె, మా ఇంట్ల ఒక పోశెట్టి ఉండె.

మా ఆయన బడికి రాలే. మాట మాత్రం విన్నడు. "వాడు మంచోడే గదనే, ఎవనికేం నష్టం చేసిండు?" అన్నడు. గుట్ట మీద బండలు పేలుస్తుంటె మా ఇంటి గోడలు అదురుతుండె. ఆయన, "వేర్లు వదులైతయి, నీళ్లు మంచిగ దిగుతయి" అనేటోడు. ఆ బిల్డింగును చూపించి, "గంత అద్దాల లోపట పొద్దంత కూసున్నోనికి నోరెండదా? మాపటికి కిందికి దిగుతడు. దిగితె ముంగట కనవడేది ఎవని చెట్టు? నాదే" అనేటోడు. చెట్ల కింద ఒక బండ పరిచిండు, ఆ దొరలు వచ్చి కూసునెతందుకు. నిజంగనే పరిచిండు.

ఆ చలికాలం పోంగనే ఒక పొద్దున చూస్తె ఆయన వరుసల ప్రతి చెట్టుకు తెల్ల రంగుతోని నంబరేసి ఉన్నది. నేను ఒక్కొక్క చెట్టు కాడికి పోయి చదివిన. నంబరు చదవడం వచ్చింది, అది ఎందుకేసిండ్రో చదవడం రాలే. ఆయన మాత్రం మస్తు సంబురపడ్డడు. కల్లు చెట్లకు ఆబ్కారోళ్లు నంబర్లేసుడు మా తాతల నాటి నుంచి ఉన్నదే. నంబరు పడ్డదంటె ఆ చెట్టు గీయొచ్చని సర్కారు ఒప్పుకున్నట్టు, దానికి ఇంకొకడు చెయ్యి పెట్టొద్దని లెక్క. మాకు తెలిసిన నంబరు అదొక్కటే.

"చూసినవా? పరేషాన్ పరేషాన్ అంటివి. సర్కారే ముద్రేసింది."

"ఆబ్కారోళ్లు వస్తె వెంబడి సంఘం పెద్ద ఉంటడు. ఈసారి ఉన్నడా? వాళ్లు వచ్చినప్పుడు నీకు చెప్పకుంట పోతరా?"

"తొందరలున్నరేమో."

"ఎవరేసిండ్రో తెల్వని నంబరది."

"తెల్వకుంటె మంచే అనుకోవాలె. చెడు ఎందుకనుకోవాలె?"

నేను మొదటి చెట్టు కాడికి పోయి ఆ నంబరు ఇంకోసారి చదివిన.

అప్పటికే మా అన్న తెల్లాపూర్ల ఒక జాగ పట్టి పెట్టిండు. అక్కడి గౌండ్ల సంఘంల ఒక ముసలాయన చెట్టెక్కుడు బందు పెట్టిండు, ఆయన వంతు చెట్లు ఖాళీగ ఉన్నయి. మా ఆయన వస్తనంటె ఆయనకిస్తరు, లేకుంటె నల్లగండ్ల నుంచి ఇంకొకాయన కాసుకొని కూసున్నడు. (ఆ తెల్లాపూర్ తాటిచెట్లు గూడ తర్వాతి కాలంల పెద్ద పెద్ద గోడల లోపలికి పోయినయి. కాని అది చాన యేండ్లకు. అంతదాక మేం బతికినం.) నా పాణమంత ఆ జాగ మీదనే ఉన్నది. చెట్టెక్కుడు తప్ప మా ఆయనకు ఇంకో పని రాదు. ఆ బిల్డింగుల తలుపు కాడ టోపీ పెట్టుకొని నిలవడే మనిషి గాదు. నిలవడితె వచ్చేటోళ్లందరిని కల్లుకు పిలుస్తుండె.

ఆ నెలంత నా కాలు ఒక్కచోట నిలువలే. అన్నం పొయ్యి మీద పెట్టి చెట్ల కాడికి పోయేదాన్ని. రోడ్డు కోసం సున్నంతోని గీసిన గీత నిన్నటికంటె దగ్గరికి వచ్చిందా అని చూసేదాన్ని. మాడిన వాసనొస్తుందని పక్కింటామె కేకేస్తె ఉరికొచ్చేదాన్ని. బస్సెక్కి తెల్లాపూర్ పోయి మా అన్నను బతిమిలాడి, ఇంటికొచ్చి ఈయనతోని కొట్లాడేదాన్ని. ఆయన మాత్రం పొద్దుమాపు చెట్టెక్కి గెలలు చెక్కి, కొత్త లొట్లు కొనుక్కొచ్చి కట్టేటోడు. పాత కుండలు చాలవా అంటె, "ఎండకాలం గిరాకి వెరుగుతది" అన్నడు.

ఉగాది నాడు పచ్చడి తాగుకుంట మా మరిది, "అన్నా, తెల్లాపూర్ పోరాదే, జర సోంచాయించు" అన్నడు. మా ఆయన నవ్వి, "నంబరు వడ్డ చెట్లిడిచిపెట్టి యాడికి పోవాల్రా?" అన్నడు. నాకు ఓపిక తెగింది. వాకిట్ల పదిమంది ఉన్నరు.

"పోశెట్టి! బాయిల వడి స్నానమైందనే పోశెట్టివి నువ్వు!" అన్న.

అందరు నవ్విండ్రు. ఆయన నవ్వలే. గిలాస కింద పెట్టి, చెట్టెక్కే మోకు భుజానేసుకొని పోయిండు. అన్నందుకు నాకు అప్పుడూ బాధ లేదు, ఇప్పుడూ లేదు. ఆ మాట ఎవరో ఒకరు మొఖం మీద అనాల్సిందే.

ఇగ ఆ బేస్తారం. పొద్దుగాలనే మా అన్న మోపెడ్ మీద దిగిండు. ఆ దినం తెల్లాపూర్ గౌండ్లోళ్లు ఎల్లమ్మ గుడి కాడ కూడుతరు. వాళ్లల్ల ఒక పద్ధతున్నది. సంఘంల కొత్తగ కలిసేటోడు తన మోకు, అంటె చెట్టెక్కే తాడు, తెచ్చి అమ్మవారి ముంగట పెట్టాలె. పెద్దలు "తీస్కో" అంటె అది ఎత్తుకొని చెట్లకు పోవాలె.

"పన్నెండింటికి లేస్తరు. ఇయ్యాల బావ మోకు అక్కడ పడకుంటె నేను మళ్ల అడగలేనే," అన్నడు అన్న.

ఇద్దరం ఆ బండి మీదనే చెట్ల కాడికి పోయినం. మా మరిది తన మోకు భుజానేసుకొని ముందే అక్కడ ఉన్నడు. మా ఆయన వరుసల మొదటి చెట్టెక్కిండు. మేం పిలిచేలోపలనే మిషను వచ్చి ఆగింది. వెనుక జీపుల నుంచి ఒక సన్నపాటి మనిషి దిగిండు, కోస్తా దిక్కాయన. పని చేపిచ్చే సూపర్‌వైజరు.

"ఏవండీ, పైనున్నాయనా! కాస్త దిగండి. ఈ వరుస ఇవాళ తీసేయాలండి."

"ఏ వరుస?" పైనుంచి మా ఆయన గొంతు.

"నంబర్లేసిన వరుసేనండి. మేమే వేశాం కదా మొన్న."

పైన కత్తి చప్పుడు ఆగింది. నేను చెట్టు మొదలు పట్టుకొని పైకి చూసిన. ఎండ కండ్లల్ల పడుతున్నది, ఆయన మొఖం కనవడలే. మళ్ల కత్తి చప్పుడు మొదలైంది. గెల చెక్కి, లొట్టి కట్టి, అప్పుడు దిగిండు. చెక్కిన గెలకు లొట్టి కట్టకుండ దిగుడు గౌండ్లోనికి రాదు. చెట్టు ఆ గంటల పడేదైనా సరే.

దిగి, సూపర్‌వైజరు మొఖం చూసి, "మీరేసిండ్రా?" అన్నడు.

"అవునండీ. మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పలే."

ఇప్పుడు ఏమన్న అంటడని నేను చూసిన. రోడ్డు మంచిదే అంటడేమో, బిల్డింగు దొరలు తొందరగ వస్తరంటడేమో. ఆయన పొద్దు మీదికి వచ్చిన దిక్కు ఒకసారి చూసి, "లొట్లు దింపుకుంట. అంతదాక ఆగుతరా?" అన్నడు.

"తొందరగా కానివ్వండి. మిషను ఊరికే నిలబడితే నన్ను తిడతారండి."

నేను అడ్డం వచ్చిన. "లొట్లు పోతె పోనియ్! మట్టికుండలు! అన్న బండి పెట్టుకొని నిలవడ్డడు, తెల్లాపూర్ల లేచిపోతరు."

"కల్లు నిండిన లొట్టి మీద ఉండంగ చెట్టు వడొద్దు," అన్నడు. గట్టిగ అనలే. ఆ వరుస పొడుగున్నది, ఒక్కొక్క చెట్టెక్కి దిగేసరికి పన్నెండు దాటుతదని మా అందరికీ తెలుసు. ఆయన మా అన్న చేతి గడియారం దిక్కు చూసిండు. చూసి, నడుముకున్న మోకు ఇప్పి, చుట్ట చుట్టి, నా చేతుల పెట్టిండు.

మోకు మా ఇంట్ల ఆడోళ్లం ముట్టం. దాటం గూడ. ఇన్నేండ్లల్ల అది ఎంత బరువుంటదో నాకు తెల్వదు.

"నాకిస్తున్నవేంది?"

"మరి ఎవలికియ్యాలె? బావ బండి నడుపద్దా?" అని, మా మరిది భుజం మీది మోకు తీస్కొని రెండో చెట్టు కాడికి పోయిండు. "వెనుక వస్త, నడువుండ్రి."

గచ్చిబౌలి దాటి మట్టి బాట పట్టినం. దుమ్ము, కంకర లారీలు. మోకు ఒళ్లె పెట్టుకొని వెనుక కూసున్న. కల్లు వాసన, చెమట వాసన. అన్న మెడ తిప్పి అడిగిండు.

"వస్తడంటవా?"

"వస్తడు."

"ఆ చెట్లు వడ్డంక ఆడ్నే కూలవడి కూసుంటడేమో."

"వస్తడన్న గద."

"నీ మొగుని పోశెట్టి నీకంటిందే!" అని నవ్విండు.

"నోర్మూసుకొని బండి నడుపు," అన్న.

తెల్లాపూర్ ఎల్లమ్మ గుడి ముంగట యాప చెట్టు నీడల సంఘపోళ్లు కూసున్నరు. ఒక తెల్లమీసాల పెద్దమనిషి నడిమిట్ల ఉన్నడు, అందరు తాతా అంటున్నరు. ఒక పక్కకు నల్లగండ్లాయన, తన మోకు ఒళ్లె పెట్టుకొని. నేను పోయి మా ఆయన మోకు అమ్మవారి ముంగట పెట్టిన.

"మనిషేడి?" అన్నడు తాత.

"లొట్లు దింపుతున్నడు. మిషనొచ్చింది. దింపి వస్తడు."

"మనిషి లేని మోకు వట్టి తాడే గదమ్మా."

"వస్తడు తాతా."

"ఎన్నింటికి?"

"వస్తడు" అన్న మళ్ల.

నల్లగండ్లాయన పక్కకు చూసి నవ్విండు. "అక్కా, మీ ఆయన పేరు పోశెట్టా ఏంది?"

ఆ మాట తెల్లాపూర్ దాక వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. అందరు ఒక్కసారి నవ్విండ్రు. మా అన్న తల దించిండు. నాకు కోపం రావాలె, రాలే.

"అవు, పోశెట్టే. అయితె ఏంది? వస్తడు," అన్న.

తాత ఎందుకో నవ్వు ఆపిండు. "సరె, ప్రసాదం పంచేదాక చూద్దాం," అన్నడు.

పన్నెండు దాటింది. నేను గుడి కాడి నుంచి రోడ్డు మీదికి, రోడ్డు మీదికెల్లి గుడి కాడికి తిరుగుతనే ఉన్న. లారీ వస్తె ఉరుకుడు, పోతె వెనుకకు వచ్చుడు. తాత నా దిక్కు చూసినప్పుడల్ల, "ఇగ వస్తుంటడు తాతా" అనుడు. వస్తడని నాకేం తెలుసు? ఏమీ తెల్వదు. ఆయన చెట్టు మీదికెల్లి దిగకుండ కూసున్నడేమో, ఏడ్చుకుంట ఇంటికి పోయిండేమో, జారి పడ్డడేమో. అవన్ని లోపట తిరుగుతున్నయి, నోటి నుంచి మాత్రం వస్తడు వస్తడు అనే వస్తున్నది. పుస్తకం చదివి మేం నవ్వినమే గని, ఆ పోశెట్టి మంచిదే మంచిదే అన్నప్పుడు వాని లోపట ఏమేం తిరుగుతుండెనో ఎవ్వరం ఆలోచించలే. రాసినోళ్లు అదీ పెట్టలే. మా ఆయనకు గూడ గిట్లనే ఉంటుండెనా, ఇన్ని దినాలు? ఎన్నడు అడగలే. అడిగితె చెప్పే మనిషి గూడ గాదు.

ప్రసాదం ఆకులల్ల పెట్టుడు మొదలైంది. నాకిచ్చిన ఆకు చేతులనే ఉన్నది. అప్పుడు ఒక కంకర లారీ రోడ్డు మీద ఆగింది. మొదలు మా మరిది దుంకిండు. తర్వాత మా ఆయన, చేతుల ఒక్కటే లొట్టి పట్టుకొని, మెల్లగ. నెత్తి, మీసాలు దుమ్ముకు తెల్లగైనయి. ఒక్క పొద్దుల ముసలోడైనట్టు కనవడ్డడు.

"మిగిలిన కల్లు మిషనోళ్లకు, సూపర్‌వైజరుకు, లారోళ్లకు పోసిండు వదినా," అని మా మరిది నా చెవుల చెప్పిండు. "ఆ సారు వద్దు వద్దంటనే తాగిండు."

మా ఆయన ఎల్లమ్మ ముంగట ఆ లొట్టి వంపి, తాత ముంగట నిలవడ్డడు.

"మీ చెట్లు పోయినయట గద?" అన్నడు తాత.

"పోయినయి."

అందరం ఆయన నోటి దిక్కు చూసినం. నల్లగండ్లాయన గూడ. ఇగ ఏమన్న అంటడు, మంచిదే అంటడు, ఏదో ఒకటి కలుపుతడు అనుకున్నం. ఏమీ కలుపలే. పోయినయి, అంతే.

తాత మోకు దిక్కు గదుమ చూపించి, "తీస్కో" అన్నడు.

మా ఆయన వంగి మోకు ఎత్తుకున్నడు. నల్లగండ్లాయనకు వచ్చే యేడు చూద్దామన్నరు. ఆయన ప్రసాదం ఆకు అట్లనే ఇడిచిపెట్టి లేచి పోయిండు, నా దిక్కు మళ్ల చూడలే. ఆయనకు గూడ ఇంట్ల ఎవరో ఎదురు చూస్తుంటరు. అది నాకు తెలుసు. తెలిసీ నేను సంబురపడ్డ.

ఆ దినం ఆయన మోకు ఎత్తుకున్నప్పుడు అక్కడ ఉన్నోళ్లు వీళ్లు: తెల్లమీసాల తాత, ఆయన వెనుక సంఘపు గౌండ్లోళ్లు, చెట్టెక్కుడు బందు పెట్టి మా ఆయనకు తన చెట్లిచ్చిన ముసలాయన, ప్రసాదం పెట్టిన ఆ ముసలాయన కోడలు, నల్లగండ్లాయన, మా అన్న, మా మరిది, లారీ దిగకుండ పైనుంచే చూసిన డ్రైవరు, మా ఆయన, నేను.